సున్నపు గీత

నేను ఉపాధ్యాయుడనుగాను, పిదప ప్రధానోపాధ్యాయుడనుగాను పనిచేసిన కాలమున అనేక పర్యాయములు ఎన్నికల విధులను నిర్వర్తించితిని. పోలింగునకు ముందునాటి సాయంకాలమున పెట్టెలతోను, కాగితములతోను గ్రామము చేరి, పాఠశాల గదిలో బల్లలు సర్దుకొని, జాబితాలు సరిచూచుకొని, అచ్చటనే చాప పరచుకొని నిద్రించెడివారము. తెల్లవారునప్పటికి ముగియవలసిన పనులలో ఒకటి సున్నపు గీత గీయించుట. గ్రామసేవకుడు బకెట్టులో సున్నము కలిపి, పాఠశాలకు నూరు మీటర్ల దూరమున బాటకు అడ్డముగా తెల్లని గీత గీయుచుండగా ఊరి పిల్లలు చుట్టును మూగి చూచెడివారు. ఆ గీతకు లోపల ఏ పక్షము వాడును ఓటు అడుగరాదు. ఎంతటి పెద్దమనిషియైనను ఆ గీత కడ నోరు కట్టుకొనవలసినదే.

ఈ నియమము 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టములో నున్నది. ఆ చట్టములోనే మరియొక నియమము కలదు. పోలింగు ముగియు గంటకు ముందు 48 గంటల కాలములో ఎన్నికల సభలు జరుపరాదు; ఊరేగింపులు తీయరాదు. అంతవరకును హోరెత్తిన మైకులు ఒక్కసారిగా ఆగిపోవును. ఊరిలో మరల కోడికూత వినబడును. ఓటరు ఆ రెండు దినములు తనలో తాను ఆలోచించుకొని, ఇంటివారితో మాటలాడుకొని, నెమ్మదిగల మనస్సుతో వచ్చి ఓటు వేయవలెనని శాసనకర్తల యుద్దేశము.

విద్యార్థులారా! మన పెద్దలు ఎన్నికకు రెండు కంచెలు కట్టిరి. ఒకటి స్థలమునకు, రెండవది కాలమునకు. ఇతర ప్రజాస్వామ్య దేశములు పెక్కింట ఇట్టి కంచెలే కలవు. వీనికి వెలుపల దేశపు సరిహద్దు అను మూడవ కంచె ఎట్లును ఉన్నదని అందరును ధైర్యముగా నుండిరి. ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట ఈ కంచెల గతి యేమైనదో మీరు తెలిసికొనవలసియున్నది. మరి ఐదేండ్లలో మీరును ఆ సున్నపు గీత దాటి లోనికి రాబోవుచున్నారు గదా!

మొదట నవ్వు పుట్టించు ఉదంతమొకటి చెప్పెదను. ఫ్రాన్సు దేశములో ఎన్నిక నాడు రాత్రి ఎనిమిది గంటలకు ముందు ఫలితముల అంచనాలను ప్రకటించుట నేరము. అందుకు 75,000 యూరోల వరకు జుల్మానా విధింపవచ్చును. పల్లెలలో పోలింగు ముందుగానే ముగియును. పెద్ద నగరములలో ఎనిమిది వరకు సాగును. పల్లెల సంగతి ముందే తెలిసినచో నగరములలో ఇంకను ఓటు వేయనివారి మనస్సు చలించునేమోయని ఆ నియమము చేసిరి. 2012 ఏప్రిల్ 22వ తేదీన అచ్చట అధ్యక్ష ఎన్నిక మొదటి విడత జరిగినది. సరిహద్దున కావలనున్న బెల్జియము, స్విట్జర్లాండు దేశముల పత్రికలకు ఫ్రెంచి చట్టముతో పనిలేదు. అవి ఎనిమిది గంటలు కాకమునుపే తమ వెబ్‌సైట్లలో అంచనాలను ప్రకటించినవి. ఫ్రెంచి పౌరులు కొందరు ఆ అంకెలను ట్విట్టరులో సంకేతభాషలో వ్రాయసాగిరి. హాలండు చీజు అనగా ఫ్రాన్స్వా ఒలాంద్ అను అభ్యర్థి. ఆయన పేరును ఆ దేశపు పేరును ఒకే తీరున వ్రాయుదురు. హంగేరీవారి గూలాషు అను వంటకము పేరు చెప్పినచో, తండ్రి హంగేరీనుండి వచ్చిన నికొలా సర్కోజీ అని అర్థము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండను రేడియోనుండి ఫ్రాన్సులోని దేశభక్తులకు రహస్య సంకేతములను పంపెడివారు. ఆ రేడియో పేరునే ఈ వేడుకకును పెట్టిరి. చదివి నేనును నవ్వితిని. కాని నవ్వు ముగిసిన పిమ్మట ఆలోచింపగా, కాలమునకు కట్టిన కంచె ఆ సాయంకాలమున పొరుగు దేశముల దిక్కునుండి కూలినదని తోచినది.

రెండవ ఉదంతములో నవ్వులేదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున హ్యూస్టను మహానగరము కలదు. మన తెలుగువారు వేలకొలదిగా నివసించు నగరమది. అధ్యక్ష ఎన్నిక జరుగనున్న 2016వ సంవత్సరమున మే 21వ తేదీన, అచ్చటి యొక ఇస్లామీయ కేంద్రము ఎదుట బాటకు ఇరువైపుల రెండు గుంపులు నిలిచినవి. టెక్సాసు ఇస్లామీయము కాకుండ అడ్డుకొనుడని ఫేస్‌బుక్కులోని ఒక పుట పిలువగా మొదటివారు వచ్చిరి. ఇస్లామీయ విజ్ఞానమును కాపాడుకొనుడని మరియొక పుట పిలువగా రెండవవారు వచ్చిరి. ఒకరినొకరు దూషించుకొనిరి. నడుమ పోలీసులు నిలిచిరి. పిలిచిన పెద్దలు మాత్రము ఏ వైపునను కానరాలేదు. ఎట్లు కనబడుదురు? ఆ రెండు పుటలను నడుపువారు రష్యా దేశమున సెయింటు పీటర్సుబర్గు నగరములో ఒకే సంస్థలో కూర్చుండియుండిరి! ఈ సంగతిని 2017 నవంబరులో అమెరికా సెనేటు సంఘము బహిరంగముగా వెల్లడించినది. ఆ రెండు పిలుపుల ప్రకటనలకు అయిన ఖర్చు రమారమి 200 డాలర్లు.

ఆ సంస్థ పుటలు వ్రాసినది ఫేస్‌బుక్కు ద్వారా 12 కోట్ల 60 లక్షలమంది అమెరికనుల కంటబడియుండవచ్చునని ఆ కంపెనీయే అంచనా వేసినది. కొన్ని ప్రకటనలకు సొమ్ము రష్యా నాణెమైన రూబుళ్ళలోనే చెల్లింపబడినను అప్పుడెవ్వరును గమనింపలేదు. 2018 ఫిబ్రవరిలో అమెరికాలో 13 మంది రష్యనులమీదను మూడు సంస్థలమీదను నేరారోపణ జరిగినది. ఆ సంస్థను స్థాపించినది తానేయని యెవ్గేనీ ప్రిగోజిను అను రష్యా ధనికుడు 2023 ఫిబ్రవరిలో ఒప్పుకొనెను. ఇన్ని చేసియు వారు ఎన్నిక ఫలితమును మార్చిరని నిరూపింపబడలేదు. ట్విట్టరును గూర్చి పరిశోధించి 2023లో ప్రకటించిన పండితులు, ఆ వ్రాతలను చూచినవారి అభిప్రాయములలో మార్పు కానరాలేదనియే చెప్పిరి. సత్యమును చెప్పవలసినప్పుడు ఇదియు చెప్పవలెను. ఐనను ఆనాడు హ్యూస్టను వీథిలో ఎదురెదురుగా నిలిచినవారు ఒకే నగరపు పౌరులు. ఒకే అంగడిలో సరకులు కొనువారు. వారిని ఎదురెదురుగా నిలబెట్టిన చేయి తమ పొరుగువాని చేయియని ఇరుపక్షముల వారును నమ్మిరి. నా మనస్సును కలతపెట్టినది అది.

ఇచ్చట మీలో బుద్ధిశాలి యొకడు లేచి, 'విదేశీయులు మన కొంపలలోనికి వచ్చి మాటలాడుట క్రొత్తయా?' అని అడుగవచ్చును. మంచి ప్రశ్న. నా బాల్యమున 'సోవియట్ భూమి' అను తెలుగు పత్రిక వచ్చెడిది. నున్నని కాగితము, రంగుల బొమ్మలు. దానిని చదివినవారికంటె దానితో పుస్తకములకు అట్టలు వేసికొన్నవారే ఎక్కువ! నా లెక్కల పుస్తకమునకు ఏటేట అదే అట్ట. అమెరికావారును అట్లే 'అమెరికన్ రిపోర్టర్' అను పత్రికను తెలుగులో ప్రకటించెడివారు. రెండును ప్రచారమే. కాని ఏ దేశమువారు ఎవరి గొప్పను చెప్పుకొనుచున్నారో పేరు చూడగనే తెలిసెడిది. అట్ట వేసికొను పిల్లవానికి సైతము తెలియును. పరదేశి తన పేరుతో మన అరుగుమీద కూర్చుండి మాటలాడినచో నష్టము లేదు. మన మేనమామ గొంతుతో చీకటిలో పిలిచినప్పుడే గుండె ఝల్లుమనును.

ప్రతివాడును కుట్రతోనే వచ్చుననియు అనుకొనరాదు. నేడు ఉత్తర మాసిడోనియా అని పిలువబడు దేశములో వెలెస్ అను చిన్న పట్టణము కలదు. 2016లో అచ్చటి యువకులు అమెరికా రాజకీయములను గూర్చి నూటికి పైగా వెబ్‌సైట్లు నడిపిరని పాత్రికేయులు కనుగొనిరి. వారిలో కొందరు మీకంటె నాలుగైదేండ్లు మాత్రమే పెద్దవారు. వారికి ఆ దేశముమీద ప్రేమయు లేదు, పగయు లేదు. ఉద్రేకము కలిగించు వార్తను ఎక్కువమంది తెరచి చూచుదురు. తెరచి చూచినకొలది ప్రకటనల సొమ్ము వచ్చును. అబద్ధపు వార్తకు గిరాకి ఎక్కువయని వారు పసిగట్టిరి. నేను రష్యా సంస్థలోని ఉద్యోగులకంటె ఈ పిల్లలనే ఎక్కువగా తలచుకొందును. ఇట్టి తెలివిగలవారు నా తరగతిలో రెండవ వరుసలో కూర్చుండెడివారు.

మరల ఫ్రాన్సు దేశపు సంగతి యొకటి. 2017 మే 7వ తేదీన ఓట్లు వేయవలసియుండగా, 5వ తేదీ రాత్రి, ప్రచారము ముగియుటకు కొద్ది గంటలకు ముందు, ఎమ్మాన్యుయెల్ మాక్రోను పక్షమునుండి దొంగిలింపబడిన ఉత్తరములు ఇంటర్నెట్టులో గుట్టలుగా పోయబడినవి. నిజమైన వానిలో కల్పితములును కలిపిరని ఆ పక్షమువారు చెప్పిరి. వివరించుకొనుటకు వారికి వ్యవధి లేదు. అర్ధరాత్రి కాగానే నోరు మూసికొనవలెను. మౌనమునకై విధించిన కాలమే దొంగకు అదనైనది. ఆ మూటను ముందుగా లోకమునకు చాటినవారు అమెరికాలోని వారు. ఎన్నికల పర్యవేక్షక సంఘము ప్రార్థింపగా ఫ్రెంచి పత్రికలు ఆ రెండు దినములు ఆ ఉత్తరములలోని విషయములను ప్రకటింపక నిగ్రహించుకొన్నవి. ఈ పని రష్యా సైనిక గూఢచారి శాఖవారిదని ఫ్రెంచి ప్రభుత్వము 2025 ఏప్రిలులో ప్రకటించెను. ఎనిమిదేండ్లకు!

ఇక రుమేనియా. నాకు అన్నిటికంటె కష్టమైన పాఠము ఇదియే.

2024 నవంబరు 24వ తేదీన రుమేనియా అధ్యక్ష ఎన్నిక మొదటి విడత జరిగినది. తొంబది లక్షలకు పైగా ఓట్లు పడినవి. అంతకుముందు అభిప్రాయ సేకరణలలో వెనుకబడియుండిన కెలిన్ జార్జెస్కు అను అభ్యర్థి రమారమి 23 శాతము ఓట్లతో అందరికంటె ముందు నిలిచెను. ప్రచారమునకు తాను ఒక్క పైసయు ఖర్చు చేయలేదని ఆయన లెక్క చూపెను. మరి ఆయన ముఖము ఇంటింటికి ఎట్లు చేరినది? టిక్‌టాకు ద్వారా. 2020 జూనులో మన దేశమున నిషేధింపబడిన టిక్‌టాకే అది. డిసెంబరు 4న ఆ దేశపు అధ్యక్షుడు గూఢచారి శాఖల నివేదికలను బయటపెట్టెను. సుమారు 25,000 ఖాతాలు ఎన్నికకు రెండు వారముల ముందు ఒక్కసారిగా మేలుకొని ఆయనకు అనుకూలముగా పనిచేసినవనియు, ఒక వ్యక్తి ప్రచారకులకు 3,81,000 డాలర్లు పంచెననియు వానిలో నుండెను. రష్యా తీరును పోలిన పనియని సూచించిరి. రెండు దినముల తరువాత, డిసెంబరు 6న, రాజ్యాంగ న్యాయస్థానము ఎన్నికను మొత్తముగా రద్దు చేసినది.

ఆ దినమునకే విదేశములలోని రుమేనియనులు రెండవ విడతకు ఓట్లు వేయ మొదలిడియుండిరి. పొట్ట చేతబట్టుకొని పరాయి దేశమునకు పోయినవాడు సెలవు పెట్టుకొని, రైలెక్కి, చలిలో వరుసలో నిలిచి ఓటు వేసి ఇల్లు చేరునప్పటికి ఆ ఓటు లేదు. జార్జెస్కుతో రెండవ విడతలో తలపడవలసిన ఎలెనా లాస్కోని, ఆయన విధానములకు పూర్తిగా విరోధియైయుండియు, ఈ రద్దును తీవ్రముగా ఖండించెను. కొన్ని దినములకు మరియొక చిక్కు బయలుపడినది. టిక్‌టాకులో జరిగిన ప్రచారములో ఒక భాగమునకు ఆ దేశపు రాజకీయ పక్షమొకటే వేరొక యుద్దేశముతో సొమ్ము చెల్లించినదని అచ్చటి పాత్రికేయులు వ్రాసిరి. ఇంటి దొంగ యెవరో, బయటి దొంగ యెవరో తేల్చుట ఎంత కష్టమో చూడుడు. 2025 మేనెలలో మరల ఎన్నిక జరిగినది. జార్జెస్కును పోటీచేయనీయలేదు. మే 18న నికుషోర్ దాన్ అను గణితశాస్త్రజ్ఞుడు సుమారు 54 శాతము ఓట్లతో గెలిచెను. విద్యార్థిగా అంతర్జాతీయ గణిత పోటీలలో రెండుమార్లు బంగారు పతకము నందుకొన్నవాడు. ప్రజలు మొదటి మారుకంటె ఎక్కువ సంఖ్యలో వచ్చి ఓటు వేసిరి.

న్యాయస్థానము చేసిన పని సరియైనదేనా? నన్నడిగినచో, నా మనస్సు అంగీకరింపదు. ఓటరు మోసపోయినాడేమో. కాని మోసపోయినవాని ఓటును చింపివేయుట మొదలిడినచో, ఎవడు మోసపోయెనో నిర్ణయించువాడు ఓటరుకంటె పెద్దవాడగును. జ్వరము వచ్చినదని రోగిని ఇంటిలోనుండి వెళ్ళగొట్టుదుమా? ఈ విషయమున నాతో ఏకీభవింపని పెద్దలు కలరు. వారి వాదమును కూడ మీ ఉపాధ్యాయులనడిగి తెలిసికొనుడు.

ఇంటర్నెట్టును మూసివేయుట కూడ నాకు సమ్మతము కాదు. నేను కోరునది చిన్నది. ఎన్నికలో ఓటరు చెవికి చేరు ప్రతి పెద్ద గొంతును ఎవరు నడుపుచున్నారు, ఎవరు సొమ్ము చెల్లించుచున్నారు, ఏ దేశమునుండి అను మూడు సంగతులు దానిమీదనే కనబడవలెను. గోడపత్రికమీద ముద్రాపకుని పేరును, ప్రకటించినవాని పేరును ఉండవలెనని మన 1951 చట్టమే చెప్పుచున్నది. ఐరోపా సమాఖ్య అట్టి నియమమునే ఇంటర్నెట్టు ప్రకటనలకు వర్తింపజేయుచు, ఎన్నికకు మూడు నెలల ముందునుండి బయటి దేశములవారి ప్రకటనలను నిషేధించుచు చేసిన చట్టము 2025 అక్టోబరులో అమలులోనికి వచ్చినది. దానికి గూగులు, మెటా కంపెనీలు ఏమి చేసినవి? ఆ దేశములలో రాజకీయ ప్రకటనలనే తీసికొనుట మానివేసినవి. అంగడికి పేరుపలక కట్టుమనగా అంగడి తలుపే వేసిరి. ప్రకటన రూపమున కాక పొరుగువాని వేషమున వచ్చు ఖాతాలను ఈ చట్టము ఎంతవరకు పట్టగలదో చూడవలసియున్నది.

ఇంత చెప్పుచున్న నేను తప్పు చేయనివాడను కాను. పదవీ విరమణానంతరము, ఒక ఎన్నికల ముందు, నా పాత మిత్రుల వాట్సాపు బృందములో ఒక చిత్రము వచ్చినది. ఓట్ల పెట్టెను దుండగులు పగులగొట్టుచున్నట్లున్నది. పొరుగు నియోజకవర్గములో జరిగినదని క్రింద వ్రాసియున్నది. నాకు కోపము వచ్చినది. ఒక సందేశమును ఒకమారు ఐదుగురికి మించి పంపరాదని 2018లో మన దేశమునందు మొదట, 2019 జనవరిలో లోకమంతట ఆ కంపెనీ కట్టడి చేసినది. నేను ఐదుగురికి చొప్పున ఎనిమిది మార్లు పంపితిని! ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమరాలు ఆ చిత్రమును చూచి, "తాతయ్యా, వెనుక బోర్డుమీద ఉన్న అక్షరాలు ఏ భాషవి?" అని అడిగినది. అది మన దేశములోని ఏ భాష లిపియు కాదు. ముప్పదేండ్లు పిల్లల వ్యాసములలో అరసున్నలు వెదకిన తెలుగు పండితుని కంటికి అంత పెద్ద బోర్డు కనబడలేదు. కోపము కన్నులను కప్పినది. అది తప్పుడు చిత్రమని ఆ నలువదిమందికిని వ్రాసితిని. మొదటి చిత్రమును ఇతరులకు పంపినవారెందరో నాకు తెలియవచ్చినది. దిద్దుబాటును పంపినవారు ఇద్దరు.

విదేశములలోని తెలుగువారి సంగతి యొకటి మిగిలియున్నది. మన పౌరసత్వమును విడువక పరదేశమున నివసించువారికి 2010లో చేసిన చట్టసవరణ ఓటు హక్కు నిచ్చినది. కాని వారు స్వయముగా తమ ఊరి పోలింగు కేంద్రమునకు రావలెను. ఓటు సముద్రము దాటదు. మాట మాత్రము క్షణములో దాటుచున్నది. నా పూర్వ విద్యార్థి యొకడు డల్లాసు నగరమున స్థిరపడి, అమెరికా పౌరసత్వము తీసికొనెను. చట్టము దృష్టిలో అతడు విదేశీయుడు. కాని అతని తల్లి ఊరిలోనున్నది, పొలము ఊరిలోనున్నది. ప్రతి ఎన్నికకు ముందు ఊరి వాట్సాపు బృందములో తన గొంతుతో మాటలాడి పంపును. మొదట ఇంటిపేరుతో తన పేరు, తండ్రి పేరు చెప్పును. తాను డల్లాసునుండి మాటలాడుచున్నానని చెప్పును. ఆ పిమ్మట ఎవరికి ఓటు వేయవలెనో, ఎందుకు వేయవలెనో చెప్పును. అతని అభిప్రాయము నాకెన్నడును నచ్చలేదు. అతడట్లు మాటలాడుటను మాత్రము నేను తప్పుపట్టను.

క్రిందటి ఎన్నిక నాడు అతని తల్లి పాఠశాల బాటమీద నాకు ఎదురైనది. కుమారుడు చెప్పినట్లే ఓటు వేయుచున్నావా అమ్మా అని అడిగితిని. "వాడి మాట విన్నానండీ పంతులుగారూ. కాలవకు నీళ్ళు వదిలిందీ లేందీ అంత దూరాన వాడికేం తెలుస్తుంది?" అనుచు ఆమె సున్నపు గీత దాటి లోనికి నడచిపోయినది.